ఎక్కజూసిన రాజు, దిగివచ్చిన ప్రభువు

అలెగ్జాండర్ చక్రవర్తి చనిపోతూ, తన చేతులు రెండూ శవపేటిక బయటికి కనబడేలా ఉంచమని కోరాడన్న కథ వినని విశ్వాసి మన సంఘాల్లో దాదాపు ఉండరు. లోకాన్ని జయించినవాడు సైతం ఉత్తచేతులతోనే వెళ్లిపోయాడని జనం గ్రహించాలన్నది అతని కోరికట. భూస్థాపన కూడికల్లో, ఉజ్జీవ సభల్లో ఈ కథ తరచూ వినబడుతుంది. దానిలోని నీతి మంచిదే. కానీ అతని జీవితాన్ని గ్రంథస్థం చేసిన ప్రాచీన చరిత్రకారులు ప్లూటార్క్, అరియన్, డయోడరస్, కర్టియస్, జస్టిన్... వీరిలో ఏ ఒక్కరూ ఆ మాట రాయలేదు. పైగా అరియన్ చెప్పేది ఇందుకు పూర్తిగా వేరు. బబులోనులో జ్వరంతో మంచం పట్టిన అలెగ్జాండర్, ఆ మంచం మీదినుండే తర్వాతి దండయాత్రకు నౌకలు ఎప్పుడు బయలుదేరాలో సేనాధిపతులకు ఆజ్ఞలిస్తూ వచ్చాడు. చివరి గడియల్లో కూడా అతని చేతులు తెరుచుకోలేదు, ఇంకా దేనినో పట్టుకోవాలనే చాచుకుని ఉన్నాయి. కల్పిత కథ అతనికి చివర్లో జ్ఞానోదయాన్నిస్తుంది. అసలు చరిత్ర ఇవ్వదు. మనం నేర్చుకోవలసింది ఆ అసలు చరిత్ర నుండే.

మాసిదోనియ రాజధాని పెల్లాలో క్రీ.పూ. 356లో అలెగ్జాండర్ పుట్టాడు. తండ్రి రెండవ ఫిలిప్పు, తల్లి ఒలింపియా. పదమూడేళ్ల ప్రాయంలో అతనికి గురువుగా వచ్చినవాడు సాక్షాత్తూ తత్వవేత్త అరిస్టాటిల్. క్రీ.పూ. 336లో ఫిలిప్పు హత్యకు గురైతే ఇరవై ఏళ్లకే అలెగ్జాండర్ రాజయ్యాడు. మరుసటి ఏడాది తిరుగుబాటు చేసిన తేబేసు పట్టణాన్ని నేలమట్టం చేశాడు. క్రీ.పూ. 334లో దాదాపు 40 వేల సైన్యంతో ఐరోపా నుండి ఆసియాకు సముద్రం దాటాడు. ఆ ఏడాది గ్రానికస్ నది ఒడ్డున, 333లో ఇస్సస్ దగ్గర, 331లో గౌగమేలా మైదానంలో పారసీక సైన్యాలను ఓడించాడు. రెండు శతాబ్దాలకు పైగా నిలిచిన పారసీక సామ్రాజ్యం నాలుగైదేళ్లలో కూలిపోయింది. క్రీ.పూ. 326లో సింధునది దాటి, జీలం ఒడ్డున పురుషోత్తమునితో తలపడేనాటికి అతనికి ముప్పై ఏళ్లు.

ఈ వేగాన్ని దానియేలు గ్రంథం ఒక దర్శనంలో చూపిస్తుంది. బెల్షస్సరు ఏలుబడి మూడవ యేట ఊలయి నది దగ్గర దానియేలుకు రెండు కొమ్ముల పొట్టేలు కనబడింది. పడమటి నుండి ఒక మేకపోతు కాళ్లు నేలకు ఆనకుండా దూసుకొచ్చి దాన్ని పడగొట్టింది. పొట్టేలు మాదీయ పారసీక రాజులని, మేకపోతు గ్రేకుల రాజని దూత వివరించాడు (దానియేలు 8:20, 21). ఇక్కడ మనం గమనించాల్సింది ఒకటుంది. ఆ మేకపోతు పెద్దకొమ్ము విరిగింది అది బలహీనపడ్డాక కాదు, బాగా బలపడిన తరుణంలోనే (8:8). దానికి బదులు నాలుగు కొమ్ములు మొలిచాయి. లోకం ‘మహా’ అనే బిరుదిచ్చి పిలిచే వ్యక్తికి లేఖనం కనీసం పేరైనా పెట్టలేదు. అతడు అందులో ఒక కొమ్ము మాత్రమే, అదీ విరిగిన కొమ్ము.

అతనిలో సద్గుణాలు లేవనడం న్యాయం కాదు. సైన్యం ముందు నిలిచి పోరాడాడు, ఒంటినిండా గాయాలు తిన్నాడు. ఓడిన పురుషోత్తముని రాజ్యం అతనికే తిరిగి అప్పగించాడు. గెద్రోసియా ఎడారిలో సైన్యం దాహంతో అల్లాడుతుంటే, సైనికులు ఎక్కడో దొరికిన కాసిని నీళ్లు శిరస్త్రాణంలో పట్టి తెచ్చి అతనికిచ్చారట. అందరికీ చాలని నీళ్లు తానొక్కడే తాగడం తగదని వాటిని ఇసుకలో పారబోశాడని అరియన్ రాశాడు. నాయకులనే ప్రతివారూ నేర్చుకోదగ్గ గుణమిది. అందుకే వ్యక్తిత్వ వికాస పుస్తకాల్లోను, నాయకత్వ శిక్షణ తరగతుల్లోను అతని పేరు తరచూ వినబడుతుంది. అయితే ఆ పుస్తకాలు చెప్పకుండా దాటేసే పేజీలున్నాయి. యువతీ యువకులు ఆ పేజీలను కూడా చదవాలి.

మొదటి పేజీ తూరు. యేసుప్రభువు తర్వాతి రోజుల్లో అడుగుపెట్టిన ప్రాంతమే అది. లొంగని ఆ ద్వీప నగరాన్ని క్రీ.పూ. 332లో అలెగ్జాండర్ ఏడు నెలలు ముట్టడించాడు. ఒడ్డునున్న పాత తూరు శిథిలాల రాళ్లూ దూలాలూ సముద్రంలో పోయించి, ద్వీపం దాకా కట్ట వేయించాడు. రాళ్లు, కలప, మన్ను నీళ్లలో పడతాయన్న యెహెజ్కేలు 26:12 ప్రవచనాన్ని చాలామంది బోధకులు ఈ సంఘటనకు అన్వయిస్తారు. ప్రవచనం నెరవేరిందని సంతోషిస్తాం, మంచిదే. కానీ నగరం పడ్డాక జరిగిందేమిటి? సుమారు 30 వేలమందిని బానిసలుగా అమ్మేశారు. బతికి దొరికిన యువకుల్లో 2 వేలమందిని సముద్రపు ఒడ్డున సిలువలకు వేలాడదీశారని డయోడరస్, కర్టియస్ రాశారు. క్రీస్తు సిలువను ధ్యానించే సంఘం ఆ 2 వేల సిలువలను చూడకుండా కళ్లు మూసుకోగలదా? సిలువ వేయించిన రాజును మెచ్చుకుంటూ, సిలువ వేయబడిన ప్రభువును ఆరాధించడం ఒకే నోటికి తగదు.

రెండవ పేజీ ఒక విందు. క్రీ.పూ. 328లో, నేటి సమర్‌ఖండ్ అయిన మరకందలో అలెగ్జాండర్ తన సేనానులతో మద్యం సేవిస్తున్నాడు. రాజును పొగిడేవారు పొగుడుతున్నారు. క్లీటస్ అనే సేనానికి అది నచ్చలేదు. ఈ గెలుపులు సైనికులవీ, ఫిలిప్పు సిద్ధపరిచిన సైన్యానివీ కదా అని మొహం మీదే అనేశాడు. గ్రానికస్ యుద్ధంలో శత్రువు కత్తి వేటు నుండి అలెగ్జాండర్ ప్రాణం కాపాడినవాడు ఈ క్లీటసే. కోపం పట్టలేని రాజు ఈటెతో అతన్ని అక్కడికక్కడే పొడిచి చంపాడు. తర్వాత మూడు రోజులు తిండీ నీళ్లూ మాని ఏడ్చాడు. పట్టణాన్ని పట్టుకొనేవాడికన్నా తన మనసును అదుపులో ఉంచుకొనేవాడే గొప్పవాడన్న సొలొమోను సామెత (సామెతలు 16:32) ఇంత స్పష్టంగా రుజువైన సందర్భం చరిత్రలో అరుదు. ఎన్నో పట్టణాలు పట్టుకొన్నవాడు ఒక్క రాత్రి తన నోటినీ చేతినీ పట్టుకోలేకపోయాడు.

మూడవ పేజీ అన్నిటికన్నా ముఖ్యమైనది. ఐగుప్తు ఎడారిలోని సీవా ఒయాసిస్సులో ఆమోను దేవత ఆలయముంది. క్రీ.పూ. 331లో అలెగ్జాండర్ అక్కడికెళ్లినప్పుడు పూజారి అతన్ని దైవకుమారుడని పలకరించాడు. ఆ మాట అతని మనసులో బాగా నాటుకుంది. క్రీ.పూ. 327లో తన ముందు అందరూ పారసీకుల పద్ధతిలో సాగిలపడాలని కోరాడు. గ్రీకులు సాగిలపడేది దేవుళ్ల ముందే. అరిస్టాటిల్ బంధువైన కలిస్తనీస్ అనే చరిత్రకారుడు అందుకు ఒప్పుకోలేదు. కొంతకాలానికే అతడు రాజద్రోహం నేరం మీద బందీ అయ్యాడు, మళ్లీ ప్రాణాలతో బయటపడలేదు. క్రీ.పూ. 324లో అలెగ్జాండర్‌కు దైవగౌరవాలు ఇవ్వాలా వద్దా అని గ్రీకు పట్టణాలు చర్చించుకున్నాయి. మనిషి మెట్టు మెట్టుగా ఎలా పైకెక్కజూస్తాడో చూడండి. మొదట రాజు, తర్వాత రాజులకు రాజు, చివరికి దేవుడు!

ఆ పైకెక్కడం ఎక్కడ ఆగింది? బియాస్ నది ఒడ్డున అలసిన సైన్యం ఇక అడుగు ముందుకు వేయమంది. మూడు రోజులు డేరాలో అలిగి కూర్చున్నా సైనికుల మనసు మారలేదు. వెనుదిరిగాడు. క్రీ.పూ. 323 జూన్‌లో బబులోనులో, ముప్పై మూడేళ్లు నిండకముందే చనిపోయాడు. అప్పటికి భార్య రొక్సానా గర్భవతి. తగిన వారసుడు లేడు, ఎవరినీ సిద్ధపరచలేదు. సేనానులు రాజ్యం కోసం ఒకరినొకరు నరుక్కున్నారు. అతని సవతి సోదరుడు ఫిలిప్పు అరిదయుస్ 317లో హత్యకు గురయ్యాడు, 316లో తల్లి ఒలింపియాను చంపేశారు. 310 ప్రాంతంలో రొక్సానాను, పద్నాలుగేళ్లయినా నిండని ఆమె కొడుకును కస్సాండర్ చంపించాడు. 301లో ఇప్సస్ యుద్ధం ముగిసేనాటికి రాజ్యం తొలెమీ, సెల్యూకస్, కస్సాండర్, లుసిమాకస్ అనే నలుగురి పాలైంది. ఆ రాజ్యం నాలుగు దిక్కులకు చీలుతుందని, అతని సంతతికి మాత్రం దక్కదని దానియేలు 11:4 చెప్పింది అక్షరాలా అలాగే కనబడుతుంది.

మరి అతడు విడిచివెళ్లిందేమిటి? రాజ్యం మిగల్లేదు, వంశం మిగల్లేదు. అలెక్సంద్రియలో కట్టిన సమాధి కూడా ఎక్కడుందో నేడు ఎవరికీ తెలియదు. మిగిలింది గ్రీకు భాష. అతని సైనికులు, వర్తకులు, వలస వచ్చినవారు మాట్లాడిన గ్రీకు ఐగుప్తు నుండి ఆఫ్గనిస్తాన్ దాకా బజారు భాషగా మారింది. దానికి ‘కొయినే’ అని పేరు, అంటే సామాన్యమైనది అని అర్థం. క్రీ.పూ. 331లో అతడు స్థాపించిన అలెక్సంద్రియలో యూదులు పెద్దసంఖ్యలో స్థిరపడ్డారు. వారి పిల్లలు హెబ్రీ మరిచిపోతుంటే క్రీ.పూ. మూడవ శతాబ్దంలో ధర్మశాస్త్రాన్ని అక్కడే గ్రీకులోకి తర్జుమా చేశారు. అదే సెప్టువజింట్. కొత్త నిబంధన రచయితలు పాత నిబంధన మాటలు ఎత్తి రాసినప్పుడు ఎక్కువగా వాడుకున్నది ఆ తర్జుమానే. లేఖనాల్లో ప్రవీణుడైన అపొల్లో ఆ ఊరివాడే (అపొ.కా. 18:24). ప్రభువు సిలువ మీద పెట్టిన పైవిలాసం రాసిన మూడు భాషల్లో ఒకటి గ్రీకే (యోహాను 19:20).

అదే వారసత్వంలో మరో ఫలం కూడా ఉంది, అది చేదుది. సెల్యూకస్ వంశపు రాజు నాల్గవ అంతియొకస్ యూదుల మీద గ్రీకు పద్ధతులను బలవంతంగా రుద్దాడు. సున్నతిని, విశ్రాంతిదినాన్ని నిషేధించాడు. క్రీ.పూ. 167లో యెరూషలేము బలిపీఠం మీద అన్యదేవతకు బలులు జరిగాయి. మూడేళ్ల పోరాటం తర్వాత 164లో ఆలయాన్ని మళ్లీ ప్రతిష్ఠించారు. యోహాను 10:22లో మనం చదివే ఆలయ ప్రతిష్ఠిత పండుగ వెనుక ఉన్న చరిత్ర ఇదే. ఒకే చెట్టుకు లేఖనాల తర్జుమా కాసింది, లేఖనాల మీద హింస కూడా కాసింది.

ఇక్కడే మనవారిలో ఒక తొందరపాటు కనబడుతుంది. సువార్త వ్యాప్తికి గ్రీకు భాష ఉపయోగపడింది కాబట్టి అలెగ్జాండర్ యుద్ధాలు కూడా మంచివేనన్నట్టు మాట్లాడుతుంటారు. లేఖనం అలా చెప్పదు. అన్నలు కీడు తలపెట్టారు, దేవుడు దాన్ని మేలుగా మార్చాడని యోసేపు చెప్పాడు (ఆది. 50:20). దానితో ఆ అన్నల కీడు మేలైపోలేదు. అష్షూరు రాజు దేవుని చేతిలో కోపపు దండం. అయినా అతడు గర్వించినందున దేవుడు అతన్ని శిక్షించకుండా విడిచిపెట్టలేదు (యెషయా 10:5-15). దేవుడు ఏ రాజునైనా వాడుకోగలడు. వాడుకున్నంత మాత్రాన ఆ రాజు చేసినవన్నీ ఆమోదించినట్టు కాదు. తూరు ఒడ్డున వేలాడిన యువకుల తల్లుల కన్నీళ్లకు గ్రీకు వ్యాకరణం జవాబు కాదు. ఫలితాలు బాగున్నాయి కదా అని పద్ధతులను సమర్థించుకునే అలవాటు సంఘంలోకి రాకూడదంటే ఈ తేడా మనకు స్పష్టంగా తెలియాలి.

ఇప్పుడొకసారి అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం తెరిచి చూద్దాం. అలెగ్జాండర్ సముద్రం దాటిన దాదాపు 380 ఏళ్ల తర్వాత పౌలు త్రోయకు వచ్చాడు. ఆ పట్టణం పూర్తి పేరు అలెక్సంద్రియ త్రోయ. అలెగ్జాండర్ పేరును అతని సేనాని దానికి పెట్టాడు. అక్కడ రాత్రివేళ పౌలుకు దర్శనం. మాసిదోనియ వాడొకడు నిలబడి, తమ దేశానికి వచ్చి సహాయం చేయమని బతిమాలుతున్నాడు. లోకాన్ని జయించడానికి మాసిదోనియవారు ఒకప్పుడు దాటిన సముద్రాన్నే ఇప్పుడు పౌలు ఎదురుదిశలో దాటాడు. 40 వేల సైన్యం లేదు. వెంట ఉన్నది సీల, తిమోతి, లూకా. చేతిలో ఈటె లేదు, నోట సువార్త ఉంది. వెళ్లి చేరిన పట్టణం ఫిలిప్పీ. అలెగ్జాండర్ తండ్రి ఫిలిప్పు తన పేరే పెట్టుకున్న ఊరది. అక్కడ ప్రభువు పట్టుకున్నది కోటను కాదు, ఊదారంగు పొడి అమ్ముకొనే లూదియ హృదయాన్ని. ఆ తర్వాత దెబ్బలు తిని చెరసాలలో పడ్డ పౌలు సీలలు అర్ధరాత్రి పాటలు పాడారు, చెరసాల నాయకుడి కుటుంబం రక్షణ పొందింది. ఒక్క రక్తపు బొట్టు ఎవరిదైనా చిందిందంటే అది సేవకులదే.

కొన్నేళ్లకు ఆ ఫిలిప్పీ సంఘానికే పౌలు బందీగా ఉండి ఉత్తరం రాశాడు. అందులో రెండవ అధ్యాయం మనందరికీ కంఠతా వచ్చు. దేవునితో సమానుడై ఉండి కూడా ఆ సమానత్వాన్ని గట్టిగా పట్టుకొని కూర్చోక, తన్ను తాను రిక్తునిగా చేసుకొని, దాసుడై, సిలువ మరణం దాకా తగ్గించుకొన్న ప్రభువును గూర్చి అక్కడ చదువుతాం. ఏ ఊరివారికి ఈ మాటలు రాశాడో గుర్తుంచుకోండి. మనిషిగా పుట్టి దేవుడనిపించుకోవాలని పైకెక్కజూసిన రాజు తండ్రి పేరున్న ఊరు. దేవుడై ఉండి మనిషిగా దిగివచ్చినవాని గూర్చి ఆ ఊరిలో చదివి వినిపించారు. ఒకడు బలవంతంగా సాగిలపడమన్నాడు, నేడు అతని ముందు మోకాలు వంచేవారు ఒక్కరూ లేరు. మరొకరు శిష్యుల కాళ్లు కడగడానికి వంగారు, ప్రతి మోకాలూ ఆయన నామాన వంగుతుందని లేఖనం అంటోంది.

ఇంతకీ మన సంఘాల్లో ఎవరి మాదిరి నడుస్తోంది? సేవను ఎకరాలతో, అంతస్తులతో, జనసంఖ్యతో కొలవడం మనం అలవాటు చేసుకున్నాం. దైవసేవకుల నిలువెత్తు ఫ్లెక్సీలు, పేరు ముందు చేరుతూ పోయే బిరుదులు, వేదిక మీద సింహాసనాల్లాంటి కుర్చీలు... ఇవన్నీ ఏ రాజు ఆస్థానం నుండి వచ్చాయో ఆలోచించాలి. తప్పు ఎత్తిచూపే క్లీటసులకు, వంగని కలిస్తనీసులకు మన కమిటీల్లో చోటుందా? పొగిడేవారే మిగిలిన చోట నాయకుడు ఎంత ఒంటరివాడో, ఎంత ప్రమాదంలో ఉన్నాడో మరకంద విందు చెబుతుంది. వారసులను సిద్ధపరచని వ్యవస్థాపకుడు కన్నుమూయగానే ఆస్తుల కోసం కోర్టుకెక్కే పరిచర్యలు ఎన్ని! బబులోనులో జరిగినదే చిన్న ఎత్తున మన మధ్య జరుగుతోంది. పౌలు అలా చేయలేదు. తాను విన్నది తిమోతికి అప్పగించాడు, తిమోతి నమ్మకమైన మరికొందరికి అప్పగించాలని, వారు ఇంకొందరికి నేర్పాలని రాశాడు (2 తిమోతి 2:2). అందుకే ఆ పరిచర్య చీలిపోలేదు, పెరిగింది. సంఘ పెద్దలు ఈ ఏడాది వార్షిక నివేదికలో ఎన్ని గదులు కట్టామన్నదానితో పాటు, ఎంతమందిని తర్ఫీదు చేశామో, ఎవరి మందలింపు విని ఏం దిద్దుకున్నామో కూడా ఒక పేరాలో రాస్తే బాగుంటుంది.

మన బైబిల్లో ఆ విజేత పేరు లేకపోయినా, ఆ పేరు పెట్టుకున్నవారు కొందరున్నారు. వారిలో ఒకరిని మార్కు 15:21 పరిచయం చేస్తుంది. కురేనీయుడైన సీమోను అలెక్సంద్రుకు, రూఫుకు తండ్రి అని అక్కడుంది. పొలం నుండి వస్తున్న ఆ సామాన్యుణ్ణి సైనికులు పట్టుకొని ప్రభువు సిలువ మోయించారు. ఆ కొడుక్కి ఆ పేరు ఎందుకు పెట్టారో మార్కు చెప్పడు. అతడు ఏ పట్టణమూ జయించినట్టు రాయలేదు. తండ్రి మోసిన సిలువ వల్లనే అతని పేరు లేఖనంలో నిలిచింది. లోకంలో మొదటి అలెగ్జాండర్‌ను అందరూ ఎరుగుదురు. మన పిల్లలకు మనం విడిచివెళ్లాల్సింది మాత్రం ఈ రెండవ అలెక్సంద్రుకు వాళ్ల నాన్న విడిచివెళ్లిన ఆస్తినే. వారు మన భుజాల మీద సిలువను చూడాలి, మన తలల మీద కిరీటాన్ని కాదు.